టెండరు బయమ్మ

బూదిగుట్టపల్లిలో బయమ్మలు ముగ్గురున్నారు. బావి కాడ బయమ్మ ఒకామె, గొర్రెల బయమ్మ ఇంకొకామె. మూడో ఆమె టెండరు బయమ్మ. ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళు ఈ పేరు విని, ఈవిడెవరో రోడ్డు పనులు పట్టే కాంట్రాక్టరమ్మ అనుకుంటారు. కాంట్రాక్టూ లేదు, పాడూ లేదు! బుడ్డల కాలంలో వేరుశనగ బుడ్డలు పెరికి, కందుల కాలంలో కంది కట్టె కొట్టి, పని దొరకని రోజున గుట్ట మీద పుల్లలేరి గార్లదిన్నెలో అమ్మి ముగ్గురు బిడ్డలను సాకిన మాదిగింటి మనిషి ఆమె. ఆ పేరు ఊరివాళ్ళు ఎగతాళికి పెట్టింది. ఇప్పుడు అదే పేరుతో పిలిస్తే ఆమె తల ఇంకాస్త పైకి లేస్తుంది. ఎగతాళి మర్యాదగా మారడానికి రెండేళ్ళు పట్టింది.

రెండువేల ఒకటో సంవత్సరం నాటికి బయమ్మకు ఓటు వచ్చి ఇరవై ఏళ్ళు. ఆ ఇరవై ఏళ్ళలో ఆమె ఒక్కసారీ ఓటు వేయలేదు. పోలేదని కాదు, ప్రతిసారీ పోయింది. కానీ ఊళ్ళో ఒక పద్ధతి ఉండేది. ముందు ఊరివాళ్ళు ఓట్లు వేయాలి. వాళ్ళంతా వేసి, ఇళ్ళకు పోయి అన్నాలు తిన్నాక మాదిగల కాలనీవాళ్ళు రావాలి. ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో ఎవరికీ తెలియదు. కాలనీవాళ్ళు వచ్చేసరికి బడిలో ఏజెంటు వెంకటరాముడు కుర్చీలో కాళ్ళు చాపుకుని, "మీ ఓట్లు పడిపోయినాయి పోండప్పా, పోయి బొరుగులు తినండి" అనేవాడు. బయట బొరుగులూ మిరపకాయ బజ్జీలూ పొట్లాలు కట్టి సిద్ధంగా ఉండేవి.

ఈ వెంకటరాముడు పెద్దింటాయన మనిషి. పెద్దింటాయన ఎవరంటే, ముప్పై ఏళ్ళుగా సర్పంచు కుర్చీని తన ఇంటి సామాను అనుకున్న ఆసామి. ఒకసారి ఆయన కూర్చుంటే ఒకసారి తమ్ముడు, ఇంకోసారి కొడుకు. బయమ్మ మొగుడు ఓబుళేసు ఆ ఇంట్లోనే పద్దెనిమిదేళ్ళుగా జీతానికున్నాడు. గట్టిగా దగ్గడానికి కూడా మొహమాటపడే నెమ్మదస్తుడు.

"మన ఓట్లు ఎవురేస్తాండారు?" అని బయమ్మ ఒకసారి అతన్ని నిలదీసింది.

"మనకేంటికి శ్రమ అని వాళ్ళే ఏసుకుంటాండారులే అమ్మే" అన్నాడు ఓబుళేసు. ఎండలో నిలబడే బాధ తప్పిందని అతని సంతోషం.

"ఆహా! అట్లయితే నా సంగటి కూడా వాళ్ళనే తినమను. నాకు నమిలే శ్రమ తప్పుతాది" అంది బయమ్మ.

ఆమె నోరు అలాంటిది. కానీ ఆ నోటికి అప్పట్లో చట్టం తెలియదు. కాలనీలో సాయంత్రం పూట పెద్దల బడి పెట్టినప్పుడు ఆమె మూడు నెలలు పలక పట్టుకుని, తన పేరు రాయడం ఒక్కటి నేర్చుకుంది. "బ" బాగా వచ్చేది. "య" ఒకవైపు ఒరిగేది. "మ్మ" కాడికి వచ్చేసరికి చెయ్యి నొప్పి పుట్టి కింది ఒత్తు పక్కకు జారిపోయేది. అయినా అది ఆమె సంతకం. ఆ రోజు నుంచి రేషను అంగడిలోనైనా సరే, సిరా డబ్బా ముందుకు జరిపితే వెనక్కి నెట్టి, "పెన్నీయండి" అనేది. లైనులో వెనకున్నవాళ్ళు ఆలస్యమవుతుందని తిట్టుకునేవాళ్ళు. తిట్టుకుంటే తిట్టుకున్నారు!

ఆ ఏడాది పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. ఈసారి సర్పంచు సీటు ఆడవాళ్ళకన్నారు. పెద్దింటాయన తన కోడల్ని నిలబెట్టాడు. ఎదురు ఎవరూ ఉండరనుకున్నాడు. కానీ గొర్రెలు కాసే కురుబోళ్ళ గంగక్క, మొగుడు పోయినా ఒంటి చేత్తో మందను నడిపించిన మొండి మనిషి, తానూ నామినేషను వేసింది. అదే వారంలో గార్లదిన్నెలో ఆడవాళ్ళకు చట్టాల మీద ఒక మీటింగు జరిగింది. అనంతపురం నుంచి సునంద అనే లాయరమ్మ వచ్చింది. బయమ్మ కాలనీ ఆడవాళ్ళను నలుగురిని వెంటబెట్టుకుని నడిచిపోయి ముందు వరసలో కూర్చుంది.

సునంద చాలా చెప్పింది. అంగట్లో కులం చూసి సరుకు అమ్మననడం నేరమంది. హోటల్లో వేరే గ్లాసు పెట్టడం నేరమంది. ఓటు వేయనీకుండా అడ్డం పడడం ఇంకా పెద్ద నేరమంది. బయమ్మ లేచి నిలబడింది.

"అడ్డం పడరమ్మా. మా కంటే ముందే మా ఓటు ఏసేస్తారు. దానికేం చెప్తావు?"

"మీ పేరు మీద ఇంకెవరో వేసేసినా మీ హక్కు పోదమ్మా. టెండరు ఓటు అడగండి. ఆఫీసరు వేరే కాగితం ఇవ్వాలి. మీ సంతకం తీసుకోవాలి. ఇవ్వను అనే అధికారం ఆయనకు లేదు" అంది సునంద.

తిరిగొచ్చే దారి పొడుగునా బయమ్మ ఆ మాటను నోట్లో నానబెట్టుకుంది. టెండరు ఓటు, టెండరు ఓటు. కాలనీకి వచ్చాక ఇంటింటికీ తిరిగి ఆడవాళ్ళ చేత వల్లె వేయించింది.

ఎన్నిక రోజు కాలనీ ఆడవాళ్ళు ఏడు గంటలకే బడి ముందుకు వచ్చారు. ఊరివాళ్ళు వింతగా చూశారు. వెంకటరాముడు బయటికొచ్చి, "మీ పొద్దు ఇంకా కాలేదు, పక్కన నిలబడండి" అన్నాడు. పక్కన నిలబెట్టి, నిలబెట్టి, ఎండ నడినెత్తికొచ్చాక లోపలికి వదిలారు. ముందు బయమ్మ. పోలింగు ఆఫీసరు ఎక్కడినుంచో డ్యూటీ మీద వచ్చిన బడిపంతులు. జాబితాలో పేరు వెతికి, తలెత్తకుండా, "నీ ఓటు పడిపోయిందమ్మా" అన్నాడు.

బయమ్మ పది వేళ్ళూ విప్పి ఆయన ముక్కు ముందు పెట్టింది.

"సూడండి సార్. సిరా యాడుందో చూపించండి."

ఆఫీసరు వేళ్ళు చూశాడు, వెంకటరాముడిని చూశాడు, మళ్ళీ జాబితా చూశాడు. "ఏమ్మే బయమ్మా, సార్ను సతాయించొద్దు, ఇంటికి పో" అన్నాడు వెంకటరాముడు.

"నువ్వు ఊరకుండప్పా, నిన్నడగలేదు. సార్, నాకు టెండరు కాగితం ఈయండి."

ఆ మాట విని ఆఫీసరు ఉలిక్కిపడ్డాడు. అతని సర్వీసులో ఆ మాట పుస్తకంలో చదవడమే కానీ ఒకరి నోట వినడం అదే మొదటిసారి. గొంతు తగ్గించి, "ఎందుకమ్మా నాకీ తంటా, సాయంత్రానికి నేను ప్రాణాలతో ఇల్లు చేరాలి" అన్నాడు.

"మీకు తంటా ఒగ దినమే సార్. మాకు దినామూ ఇదే తంటా. ఈయండి, నేను కదలను" అని ఆమె అక్కడే నేల మీద చతికిలబడింది. వెనకున్న ఆడవాళ్ళూ చతికిలబడ్డారు. గుమ్మం మూసుకుపోయింది. ఊరివాళ్ళ లైను కూడా ఆగిపోయింది. ఇక చేసేదేమీ లేక ఆఫీసరు అట్టపెట్టె అడుగు నుంచి కాగితం తీశాడు. బయమ్మ టెండరు జాబితాలో సంతకం చేసింది. కాసేపు పట్టింది, ఎవరూ తొందరపెట్టలేదు. అట్ట మరుగుకు పోయి, జీవితంలో మొదటిసారి ముద్ర చేతిలోకి తీసుకుంది. గట్టిగా నొక్కింది. ముద్ర ఇంకెవరికీ కనబడకూడదని ఆ కాగితాన్ని ఆకువక్క పొట్లం మాదిరి ఎనిమిది మడతలు పెట్టి, పెట్టె వైపు నడిచింది.

"అందులో కాదమ్మా. ఇలా ఇవ్వు" అని ఆఫీసరు ఆ కాగితం తీసుకుని ఒక కవర్లో పెట్టాడు.

"పెట్టెలో ఏయల్ల కదా సార్?"

"టెండరు ఓటు కవర్లోనే పెట్టాలి. రూలు."

బయమ్మ ఆ కవరు వైపు చెయ్యి చాపబోయింది. కానీ వెనక ఇరవై రెండు మంది ఉన్నారు. వాళ్ళ ముందు మొహం మాడ్చుకోకుండా బయటికొచ్చేసింది. ఆ రోజు కాలనీ ఆడవాళ్ళవి ఇరవై మూడు టెండరు ఓట్లు పడ్డాయి.

సాయంత్రం లెక్కింపు. పెద్దింటాయన కోడలు పద్నాలుగు ఓట్లతో గెలిచింది. కవరు ఎవరూ తెరవలేదు. ఊరంతా పటాసులు. వెంకటరాముడు కాలనీ మొదట్లో నిలబడి, "ఏమ్మే బయమ్మా, నీ ఓటు కవర్లో పెట్టినారంటనే! స్టాంపు అతికించి పోస్టులో ఏస్తారేమోలే, ఢిల్లీకి పోతాది!" అని అరిచాడు. ఆ రోజు నుంచే ఊళ్ళో చిన్నా పెద్దా ఆమెను టెండరు బయమ్మ అన్నారు. ఆమెకు ఏడుపొచ్చింది. ఓడినందుకు కాదు. చచ్చీ చెడీ ఒక్కసారి తన చేత్తో వేసిన ఓటు, వేయనట్టే అయిపోయింది.

మర్నాడే అనంతపురం బస్సెక్కి సునంద ముందు నిలబడింది. "లెక్కపెట్టని ఓటు ఏంటికి చెప్పినావమ్మా మాకు?" అని కడిగిపారేసింది.

సునంద ఆమెను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. "ఆ మాట ముందే చెప్పకపోవడం నా తప్పే. ఆ కవరును కోర్టు చెబితేనే తెరుస్తారు. ఓడిన మనిషి నెల లోపల కేసు వేయాలి. పద్నాలుగు ఓట్ల తేడా, కవర్లో ఇరవై మూడు ఉన్నాయి. ఆలోచించు" అంది.

బయమ్మ ఊరికి తిరిగొచ్చిన పూటే గంగక్క గొర్రెల దొడ్డికి పోయింది. గంగక్క తల అడ్డంగా ఊపింది. "నాకొద్దమ్మే ఈ కోర్టులు. గొర్రెల్ని ఎవురు చూస్తారు? ఆ కుర్చీ వాళ్ళనే ఉంచుకోనీ."

"కుర్చీ నీకు కావల్లో వద్దో నాకు తెల్దు గంగక్కా. నా కాగితం ఆ కవర్లో ఉండాది. దాన్ని బయటికి తీయించల్ల. కేసు నీ పేరు మీద ఏయల్లంట, లేకుంటే నేనే ఏసుకుందును. గొర్రెలు నేను కాస్తా, నువ్వు పోయి సంతకం పెట్టిరా."

గంగక్క ఆమె మొహం చూసి, మొండికి మొండి దొరికిందనుకుందేమో, నవ్వేసింది. కేసు పడింది.

కోర్టు కాగితం పెద్దింటికి చేరిన మర్నాడు ఊళ్ళో మాట వెలువడింది. కాలనీవాళ్ళకు పని లేదు. మిల్లులో పిండి పట్టరు. అంగట్లో సరుకు ఇవ్వరు. ఆ ఇరవై మూడు మందీ "మా ఓట్లు మేమే వేసుకున్నాము, టెండరు కాగితాలు తెలియక అడిగినాము" అని రాసి సంతకం పెట్టేదాకా అంతే. బుడ్డలు పెరికే కాలం. చేలల్లోకి పక్క ఊరి కూలీలను ట్రాక్టర్లో దింపుతుంటే కాలనీవాళ్ళు గడపల్లో కూర్చుని చూశారు. ఓబుళేసును ఇక పనికి రావద్దన్నారు.

అంగడి లక్ష్మీపతి దగ్గర కాలనీవాళ్ళకు ఎప్పుడైనా మర్యాద ఉందా అంటే, అదీ లేదు. వాళ్ళు మెట్లెక్కకూడదు. మెట్టు పక్కనున్న బండ మీద చిల్లర పెట్టాలి. లక్ష్మీపతి చెంబులో నీళ్ళు చేత్తో తీసి ఆ దుడ్ల మీద చల్లి, అప్పుడు ముట్టుకునేవాడు. సరుకు ఎత్తు నుంచి వాళ్ళ పైటలో వదిలేవాడు. ఆయన తండ్రి చేశాడు, ఆయనా చేశాడు. ఇప్పుడు ఆ పాటి సరుకూ లేదు. ఉప్పుకూ కిరసనాయిలుకూ గార్లదిన్నె దాకా నడిచి పోవాలి.

నెల తిరిగేసరికి తొమ్మిది మంది ఆడవాళ్ళు పెద్దింటికి పోయి వేలిముద్రలు వేసొచ్చారు. బయమ్మ వాళ్ళను ఒక్క మాట అనలేదు. పిల్లలు ఆకలికి ఏడుస్తుంటే ఎవరు మాత్రం ఏం చేస్తారు? ఒక పూట ఓబుళేసు కూడా గోడకు ఆనుకుని, కళ్ళు దించుకుని, "నాకు భయమైతాంది బయమ్మా. ఒగ సంతకమే కదా, పెట్టేస్తే పోలా?" అన్నాడు.

బయమ్మ పొయ్యి ముందు నుంచి లేచి అతని దగ్గర కూర్చుంది. కోపం తెచ్చుకోలేదు. "నాకు రాసేదొచ్చేది నా పేరొక్కటే. మూడు నెలలు నేర్చుకున్నా. దాన్ని తీసుకపోయి అబద్ధం కింద పెట్టమంటావా?"

తెల్లారి ఆమె గార్లదిన్నెకు బయలుదేరేసరికి ఓబుళేసు వాకిట్లో గోనెసంచి భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు. "పద, నేను మోస్తా" అన్నాడు. పద్దెనిమిదేళ్ళలో పెద్దింటాయన పని కాకుండా తన పెళ్ళాం పని చేయడం అతనికి అదే మొదటిసారి. ఆ రోజు దారి ఆమెకు బరువనిపించలేదు.

సునంద రాసిన ఫిర్యాదు మీద ఒక పొద్దున ఎమ్మార్వో జీపు ఊళ్ళోకి వచ్చింది. లక్ష్మీపతి అంగడి ముందే ఆగింది. పెద్దింటి మనుషులు అరుగుల మీద వరసగా కూర్చున్నారు. వాళ్ళను చూసి కాలనీవాళ్ళు నోరు విప్పలేదు. ఎమ్మార్వో ముందు ఒక సోడా తాగి, చిల్లర బండ మీద పెట్టాడు. లక్ష్మీపతి తీసి గల్లాలో వేశాడు.

"కాలనీవాళ్ళకు సరుకు అమ్మవంట?"

"ఎవురప్పా చెప్పినోళ్ళు? నా అంగట్లో అందరూ ఒగటే సార్. వద్దన్నా వాళ్ళే రాకుండా ఉండారు" అని లక్ష్మీపతి నోరంతా తెరిచి నవ్వాడు.

"సరే. అమ్మా, నీకేం కావాలో అడుగు" అన్నాడు ఎమ్మార్వో, బయమ్మ వైపు తిరిగి.

బయమ్మ ఆ మెట్లు ఎక్కింది. మూడే మెట్లు. పుట్టి బుద్ధెరిగాక ఎక్కని మెట్లు. ఉప్పు అడిగింది. లక్ష్మీపతి తూకం కంటే నాలుగు గల్లులు ఎక్కువే వేసి, పొట్లం కట్టి, "తీసుకో తల్లీ" అని చేతికి చెయ్యి తగిలేలా అందించాడు. ఏ పెళ్ళిచూపులకో వచ్చినవాళ్ళకు చేసినట్టుంది ఆ మర్యాద! ఎమ్మార్వో పెన్ను మూత తీశాడు. ఇంకో నిమిషమైతే "ఆరోపణ నిజం కాదు" అని రాసేసి జీపెక్కేవాడే.

బయమ్మ కొంగు ముడి విప్పి చిల్లర తీసింది. ఎదురుగా మనిషి చెయ్యి చాపి ఉన్నా, ఇన్నేళ్ళ అలవాటు కదా, ఆమె వంగి బండ మీదే పెట్టింది. ఆయనదీ ఇన్నేళ్ళ అలవాటే కదా! లక్ష్మీపతి చెయ్యి దానంతటది చెంబులోకి పోయింది. మూడు వేళ్ళతో నీళ్ళు తీసి చిల్లర మీద చల్లాడు. తీసి పంచెకు తుడిచి గల్లాలో వేశాడు. అప్పటికీ ఆయన మొహాన ఆ నవ్వు అట్లాగే ఉంది.

ఎమ్మార్వో పెన్ను ఆపి ఆ చెంబు వైపు చూశాడు.

"ఇప్పుడేం చేశావయ్యా?" అన్నాడు ఎమ్మార్వో.

"ఏం చేసినా సార్?" పాపం, ఆయనకు నిజంగానే తెలియలేదు.

"డబ్బుల మీద నీళ్ళెందుకు చల్లావు?"

లక్ష్మీపతి చెంబు వైపు చూశాడు. తన తడి చెయ్యి చూసుకున్నాడు. నవ్వు కాస్తా జారిపోయింది. "దుమ్ము సార్... దుమ్ముంటే..."

"ఇందాక నేనిచ్చిన చిల్లరకు దుమ్ము లేదా?"

ముందు బయమ్మ నవ్వింది. ఆపుకోలేక, నోటికి కొంగడ్డం పెట్టుకుని నవ్వింది. ఆమె వెనక కాలనీ అంతా నవ్వింది. ఇన్ని తరాలుగా ఆ నీళ్ళకు తలవంచుకున్నవాళ్ళు అదే నీళ్ళను చూసి పగలబడి నవ్వారు. నవ్వాక భయం ఎటు పోయిందో పోయింది. ఒకరి తర్వాత ఒకరు ముందుకొచ్చి చెప్పారు. మిల్లు సంగతి, పని సంగతి, వేలిముద్రలు వేయించుకున్న సంగతి. వేసొచ్చిన తొమ్మిది మందీ కూడా చెప్పారు. ఎమ్మార్వో అంగడి మెట్టు మీదే కూర్చుని నాలుగు పేజీలు రాశాడు. లక్ష్మీపతి మీద కేసైంది. తర్వాత జరిమానా కూడా కట్టాడు. వారం తిరక్కుండా మిల్లు తిరిగింది, అంగడి అమ్మింది. కేసు తన దాకా రాకూడదని పెద్దింటాయన నోరు మూసుకున్నాడు.

అనంతపురం కోర్టులో కేసు మాత్రం సాగుతూ సాగుతూ రెండువేల మూడు దాకా వచ్చింది. బయమ్మ సాక్ష్యానికి ఉతికిన చీర కట్టుకుని, తలకు నూనె రాసుకుని, పెళ్ళికి పోయినట్టు పోయింది. పెద్దింటి తరపు లాయరు ఆమెను కిందికీ పైకీ చూసి, "నీకు చదువు రాదు. గుర్తులు సరిగా తెలుసో లేదో. ఎవరి గుర్తు మీద ముద్ర వేశావో చెప్పు చూద్దాం" అన్నాడు.

"చెప్పను సామీ."

"ఎందుకు చెప్పవు?"

"ఓటు ఎవురికేసినామో అడగకూడదని చట్టం ఉండాది కదా. మీరు లాయరు, మీకు తెల్దా?"

కోర్టంతా గొల్లుమంది. జడ్జిగారు నవ్వు కనబడకుండా కాగితాల్లో తల దించుకున్నాడు.

ఆ తర్వాత ఓటు కాగితాలు చించి ఇచ్చాక పుస్తకంలో మిగిలిన మొదళ్ళు, ఓటరు వేలిముద్ర తీసుకునే కౌంటరు ఫాయిళ్ళు, తెచ్చి ఆమె ముందు పెట్టారు. బయమ్మ పేరుకు ఎదురుగా ఒక వేలిముద్ర ఉంది. ఆమె చూడగానే, "ఇది నాది కాదు. నేను వేలిముద్ర మానుకొని నాలుగేండ్లాయె" అంది. పక్కనే టెండరు జాబితా పెట్టారు. అందులో బ, ఒరిగిన య, జారిన ఒత్తు. ఆ వేలిముద్ర నడుమ అడ్డంగా ఒక తెల్ల గీత. కింది పేరుకు ఎదురుగా ఉన్న ముద్రలోనూ అదే గీత. దాని కిందా అదే. ఇరవై మూడింటిలో పంతొమ్మిదింటికి ఒకటే గీత. నిపుణుడు తర్వాత చెప్పాడు కానీ, కళ్ళున్న ఎవరికైనా ఊరికే తెలిసిపోతుంది.

బయమ్మకు ఆ గీత ఇంకా బాగా తెలుసు. తల తిప్పి, వెనక బెంచీ మీద బొటనవేలు గుప్పిట్లో దాచుకుని కూర్చున్న వెంకటరాముడిని చూసింది.

"సామీ, ఈ వేలు నేనెరుగుదును. పదేండ్ల కింద కంది చేన్లో కొడవలికి తెగింది. రక్తం ఆగకుంటే నా కొంగు చింపి నేనే కట్టు కట్టినా. ఆ పొద్దు నా చెయ్యి తగిలితే ఏ మైలా కాలేదు" అంది.

ఈసారి కోర్టులో ఎవరూ నవ్వలేదు. వెంకటరాముడు తల ఎత్తలేదు.

ఇంకో నెలకు జడ్జిగారు కవరు తెరవమన్నాడు. బయమ్మ, ఓబుళేసు, గంగక్క, కాలనీ ఆడవాళ్ళు కోర్టు హాలు వెనక గోడ పొడుగునా నిలబడ్డారు. గుమాస్తా బ్లేడుతో లక్క సీలు కోశాడు. కాగితాలు బల్ల మీద గుమ్మరించాడు. ఒక్కొక్కటీ విప్పి జడ్జిగారికి చూపించి లెక్కపెట్టాడు. ఒకటి. రెండు. మూడోది తీసి కాసేపు తంటాలు పడ్డాడు. "ఇదెవరండీ ఇన్ని మడతలు పెట్టింది" అని గొణుక్కుంటూ ఒక మడత, ఇంకో మడత, ఇంకో మడత విప్పాడు.

బయమ్మ గొంతులోకి ఆ మాట వచ్చేసింది. నాదే సామీ, అది నాదే! కానీ ఓటు ఎవరిదో చెప్పకూడదు. పళ్ళు బిగబట్టి ఓబుళేసు చెయ్యి పట్టుకుని పిసికేసింది. అతను నొప్పికి మొహం చిట్లించి ఆమెను చూశాడు. ఆమె కళ్ళల్లో నీళ్ళు చూసి అర్థం చేసుకుని, చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"మూడు" అన్నాడు గుమాస్తా.

దొంగ ఓట్లు తీసేసి కవర్లోవి కలిపితే గంగక్క గెలిచింది. ఊళ్ళో వాళ్ళకు అదే పెద్ద కబురు. గంగక్క మూడేళ్ళు సర్పంచుగా ఉంది, గొర్రెలనూ కాసింది, కాలనీలో రెండు చేతిబోర్లు వేయించింది. కానీ బయమ్మను అడిగితే ఆ బోర్ల సంగతి చెప్పదు. "మూడోది నాదప్పా" అని అంటుంది. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ చెప్పదు. ఎవరికి వేసిందో ఇప్పటికీ ఓబుళేసుకు కూడా తెలియదు!

రెండువేల ఆరులో మళ్ళీ పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. లైను ఒక్కటే. ఎవరు ముందొస్తే వాళ్ళు ముందు. బయమ్మ ఏడు కొట్టకముందే వచ్చి మొదట నిలబడింది. ఆమె వెనక లక్ష్మీపతి. ఆయన వెనక ఓబుళేసు, మీసాలు దువ్వుకుని. లోపల ఆఫీసరు కుర్రాడు, సిరా డబ్బా ముందుకు జరిపాడు.

"పెన్నీయండి సార్" అంది బయమ్మ.

సంతకం చేసింది. వేలికి సిరా పెట్టించుకుంది. ముద్ర వేసి, ఎనిమిది మడతలు పెట్టి, పెట్టె నోట్లో వదిలింది. వదిలి అక్కడే నిలబడిపోయింది.

"ఏమైందమ్మా?" అన్నాడు కుర్రాడు.

"ఇది కవర్లోకి పోదు కదా సార్?"

అతనికి అర్థం కాలేదు. "కవరెందుకమ్మా? పెట్టెలో పడింది కదా."

"పడింది సార్. అడిగినా, అంతే" అని బయమ్మ సిరా వేలిని చూసుకుంటూ బయటికి నడిచింది.